తాతయ్య చెప్పిన జల ఓడలు

వైజాగ్‌లో సింధియా అంటే తెలీని వాళ్ళు లేరు, బస్సెక్కి సింధియా ఒకటి అంటే కండక్టర్ టికెట్ కొట్టిచ్చేస్తాడు, కానీ ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం ఇప్పటి పిల్లల్లో చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. మేం పెరిగింది ఆ చుట్టుపక్కలే, మల్కాపురంలో. నాన్న షిప్‌యార్డ్‌లో ఫిట్టర్. తాతయ్య అంతకుముందు నుంచీ పోర్టులో టాలీ క్లర్క్. అంటే మా ఇంట్లో తిండి గింజలు మొదట్నుంచీ ఓడల పుణ్యమే.

సింధియా అనేది ఒక ఓడల కంపెనీ, మన షిప్‌యార్డ్ మొదలుపెట్టింది వాళ్ళే. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ, 1919లో బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ వాళ్ళు పెట్టింది. మొదటి ఓడ పేరు లాయల్టీ, గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గర కొన్నారు, అందుకే కంపెనీకి ఆ పేరు. 1919 ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది, ఇప్పటికీ మన దేశంలో ఏప్రిల్ 5 నేషనల్ మారిటైమ్ డే అంటే ఆ ప్రయాణం గుర్తుగానే. అప్పట్లో మన సముద్రం మీద సరుకంతా తెల్లవాళ్ళ కంపెనీల చేతుల్లో ఉండేది, వీళ్ళు దిగేసరికి రేట్లు అడ్డంగా తగ్గించి తొక్కేద్దామని చూశారు, అయినా నిలబడ్డారు. తాతయ్యకి ఈ కథ చెప్పడమంటే ఎంత ఇష్టమో, స్వాతంత్ర్య పోరాటం గురించి మాట్లాడేవాళ్ళు గాంధీగారి ఉప్పు గురించి చెప్తారు గానీ ఓడల గురించి ఎందుకు చెప్పర్రా అని నిజంగా బాధపడేవాడు.

ఇంకో సంగతి. మన హార్బర్ కట్టాక లోపలికి వచ్చిన మొదటి ఓడ కూడా సింధియా వాళ్ళదే. జలదుర్గ. 1933 అక్టోబర్ 7. తాతయ్యకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఊరు ఊరంతా ఒడ్డుకి చేరిందట, ఆయన స్నేహితులతో రాస్ హిల్, అంటే చర్చి కొండ, మీదికి ఎక్కి చూశాడట. ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో పక్క చర్చి కొండ, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, మధ్యలోంచి సన్నటి కాలువలో ఓడ మెల్లిగా లోపలికి రావడం. ఆ రోజే అనుకున్నాట్ట, చేస్తే పోర్టులోనే పని చెయ్యాలని.

టాలీ క్లర్క్ పని అంటే చాలామందికి తెలీదు కాబట్టి చెప్తాను. ఓడ మీద హాచ్ దగ్గర, అంటే సరుకు ఎత్తి దించే కంత దగ్గర, నిలబడాలి, ఎండైనా వానైనా. కళాసీలు బస్తాలు తాళ్ళవలలో వేసి పైకి ఎత్తుతుంటే ఒక్కో ఎత్తుకి ఎన్ని బస్తాలో చూసి పుస్తకంలో గీత పెట్టాలి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. మన వైపు నుంచి వేరుశనగ, కరక్కాయలు వెళ్ళేవి, మాంగనీసు రాయి అయితే గుట్టలు గుట్టలుగా వెళ్ళేది, అది లెక్క వేరు. సాయంత్రానికి ఓడవాళ్ళ లెక్కా మన లెక్కా కలవాలి, కలవకపోతే ఆ రాత్రి ఇంటికి రావడం ఉండదు. ఆయన చివరి రోజుల్లో కూడా ఇంటికి బియ్యం బస్తా వచ్చినా, కొబ్బరికాయలు దింపించినా గోడమీద సుద్దముక్కతో అలాగే గీతలు పెట్టేవాడు, నాలుగు నిలువు ఒకటి అడ్డం. నానమ్మ తిట్టుకుంటూ తడిగుడ్డతో తుడిచేది.

ఎండాకాలం రాత్రుళ్ళు డాబా మీద పడుకుంటే మాకు ఆయన కథలు ఇవే. రాజులూ లేరు దెయ్యాలూ లేవు, అన్నీ ఓడలే. ఏ ఓడ సరంగు, అంటే ఓడ పనివాళ్ళ మేస్త్రీ, ఎలాంటివాడు, ఏ ఓడ పొగ గొట్టం ఎంత ఎత్తు, ఏది వస్తే ముందుగా కూత ఎలా వేసేది. సింధియా ఓడల పేర్లన్నీ దాదాపు జల అనే మొదలయ్యేవి కదా, అందుకని మాకు అవి అక్కచెల్లెళ్ళ పేర్లలా అనిపించేవి. చివర్లో ఆయన చెయ్యి చాచి వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ అనేవాడు: జలరాజన్ పోయింది, జలతరంగ్ పోయింది, జలపాలక పోయింది, జలబాల పోయింది, ఎల్ మదీనా పోయింది. మాకు ఎలా పోయాయో తెలీదు, అడిగితే టార్పెడో అనేవాడు. టార్పెడో అంటే మాకు ఏదో పెద్ద సొరచేప అని ఉండేది.

పెద్దయ్యాక నేను ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగినా ఈ పేర్లు మాత్రం మర్చిపోలేదు, దొరికిన చోటల్లా చదివాను. ఆయన చెప్పిన వరస కూడా సరైనదే, ముందు పోయింది ముందు, తర్వాత పోయింది తర్వాత. చదువూ సంధ్యా పెద్దగా లేని మనిషి, పేపర్లో రాని సంగతులు, నలభై ఏళ్ళు వరస తప్పకుండా గుర్తుపెట్టుకున్నాడు.

1941 డిసెంబర్‌లో జపాన్ యుద్ధంలోకి దిగింది. నెల తిరిగేసరికి వాళ్ళ సబ్‌మెరైన్లు మన బంగాళాఖాతంలో ఉన్నాయి. 1942 జనవరి మధ్యలో సుమాత్రాకి పడమటి వైపు జలరాజన్‌ని ముంచారు. ఆ నెలాఖరుకి ఐ-64 అనే సబ్‌మెరైన్ మద్రాసు తీరం వైపు వచ్చింది. 29న మద్రాసుకి తూర్పుగా ఫ్లోరెన్స్ లుకెన్‌బాక్ అనే అమెరికా ఓడని, 30న జలతరంగ్‌ని, 31న జలపాలకని ముంచేసింది. మూడు రోజుల్లో మూడు ఓడలు, అందులో రెండు మనవి. జలతరంగ్ చిన్నది, రెండున్నర వేల టన్నులు కూడా నిండా లేదు, జలపాలక నాలుగు వేల పైచిలుకు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. అవి బొగ్గుతో నడిచే ఓడలు. బొగ్గు ఓడ పొగ ఎంత దూరాన్నుంచైనా కనిపిస్తుంది, ఓడ ఇంకా కంటికి ఆనకముందే పొగ ఆనుతుంది. నడక పది నాట్లు, అంటే గంటకి పది సముద్రపు మైళ్ళు, మహా అయితే ఇంకొంచెం. ఐ-64 లాంటిది నీళ్ళ పైన ఇరవై నాట్లు నడవగలదు. అంటే పారిపోవడం అన్న మాటే లేదు. దానికి టార్పెడోలు ఉన్నాయి, డెక్ మీద ఫిరంగి ఉంది. ఇటు చూస్తే పక్కన కాపలా ఓడ లేదు, ఆ రోజుల్లో బంగాళాఖాతంలో సరుకు ఓడలు చాలావరకు ఒంటరిగానే తిరిగేవి. లోపల ఇంజిన్ రూమ్‌లో బాయిలర్ దగ్గర బొగ్గు వేసేవాళ్ళు, కింద బంకర్‌లో, అంటే బొగ్గు కొట్లో, బొగ్గు తోసేవాళ్ళు, వీళ్ళకి బయట పగలో రాత్రో కూడా తెలీదు, దెబ్బ తగిలితే ఇనప నిచ్చెనలు ఎక్కి పైకి రావాలి. మొదట పోయేది వాళ్ళే. యుద్ధం అంటే తుపాకీ పట్టుకున్నవాళ్ళు చచ్చిపోవడం అనుకుంటాం, వీళ్ళ చేతిలో పార తప్ప ఏమీ లేదు.

జలతరంగ్ మీద తాతయ్యకి తెలిసిన బండారీ ఒకాయన ఉండేవాడు, అంటే ఓడ వంటవాడు. చిట్టగాంగ్ వైపు మనిషి. తెలుగు నాలుగు ముక్కలు నేర్చుకున్నాడట, "బాగున్నావా బాబూ", "రేటెంత", ఇలాంటివి. ఓడ మన పోర్టులో కట్టినప్పుడల్లా తాతయ్యకి ఒక గిన్నెలో ఎండుచేపల కూర పక్కన పెట్టేవాడట, కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత కారం, తాతయ్య ఇంటి నుంచి ఆయనకి నానమ్మ పెట్టిన మాగాయ పట్టుకెళ్ళేవాడట. ఒకసారి ఆయన తన కొడుక్కని కొండపల్లి బొమ్మ ఒకటి తెప్పించమని డబ్బులిచ్చాడు, తాతయ్య బెజవాడ వెళ్ళేవాళ్ళకి చెప్పి తెప్పించాడు, ఏనుగు అంబారీ బొమ్మ. ఓడ వస్తే ఇద్దామని పెట్టెలో పెట్టాడు.

ఓడ రాలేదు.

ఎవరూ ఏమీ చెప్పలేదట. యుద్ధం రోజులు, ఏ ఓడ ఎక్కడ మునిగిందో పేపర్లో రానిచ్చేవాళ్ళు కాదు, కంపెనీ ఆఫీసులో అడిగితే లేట్ అన్నారట. ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది, వేరే ఓడ మీద వచ్చిన సరంగు ఒకాయన చెవిలో చెప్పాట్ట, జలతరంగ్ లేదు, జలపాలకా లేదు అని. ఆ ట్రిప్పులో ఆ బండారీ ఉన్నాడో, అంతకుముందే వేరే ఓడకి మారిపోయాడో తాతయ్యకి చివరిదాకా తెలీలేదు. తర్వాత చాలా ఏళ్ళు సింధియా ఓడ ఏది వచ్చినా ముందు వంటగది వైపు వెళ్ళి చూసి వచ్చేవాడట. ఆ బొమ్మ మా అత్త పెళ్ళయ్యి వెళ్ళేదాకా ఇంట్లోనే ఉంది, ఆడుకోవడానికి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సరే, ఏప్రిల్ వచ్చేసరికి యుద్ధం మన గుమ్మంలోకే వచ్చింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం హార్బర్ మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఒజావా అనే అడ్మిరల్ ఓడల దండు మన తీరం నుంచి ఒరిస్సా దాకా దొరికిన సరుకు ఓడనల్లా ముంచుకుంటూ పోయింది, ఇరవైకి పైనే. విశాఖ మ్యూజియంలో పేలని జపాన్ బాంబు పెట్టి ఉంటుంది, చూసే ఉంటారు, అది అప్పటిదే.

నానమ్మ ఈ కథ చెప్పే పద్ధతే వేరు. "ఏటి చెప్పమంటావురా, మీ నాన్నకి రెండేళ్ళు, సంకనేసుకున్నాను, నెత్తి మీద బియ్యం మూట, ఎడ్లబండి వాడు అయిదు రూపాయలడిగాడు, అయిదు రూపాయలంటే ఆ రోజుల్లో ఏటనుకుంటున్నావు, ఎక్కీసి చోడవరం ఎల్పోనాం. మీ తాత రాలేదు. పోర్టులో లెక్క రాయాల్ట. బాంబులు పడితే లెక్కేట్రా?" ఊరు మూడొంతులు ఖాళీ అయిపోయిందట. ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకి మార్చేశారు, మిలిటరీ వాళ్ళు వాల్తేరులో దిగారు. బీచ్‌లో కాంక్రీటు పిల్‌బాక్సులు కట్టారు, ఆ మధ్య అలలకి ఇసక కోసుకుపోయి ఒకటి బయటపడితే జనం సెల్ఫీలు దిగారు, నేనూ వెళ్ళి చూసొచ్చాను, ఎంత చిన్న కంత, అందులోంచి తుపాకీ పెట్టి సముద్రం కేసి చూస్తూ కూర్చునేవాళ్ళు.

షిప్‌యార్డ్ సంగతి చూడండి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు, వాల్‌చంద్ గారి కల అది, ఇక్కడే ఓడలు కట్టాలని. ఏడాది తిరక్కుండానే ఈ బాంబులు. ఒకవైపు కొత్తవి కట్టే పని వెనకబడిపోయింది, ఇంకోవైపు ఉన్నవి ఒకటొకటిగా మునిగిపోతున్నాయి.

1943 అక్టోబర్ 11న జలబాల. ఈసారి జర్మనీ వాళ్ళ సబ్‌మెరైన్ యు-532, మలబార్ తీరానికి దగ్గర్లోనే. యూరప్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇంత దూరం వచ్చి కేరళ ఒడ్డున మన ఓడని ముంచారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత 1944 మార్చి 16న ఎల్ మదీనా. ఇది హజ్ యాత్రికుల కోసం సింధియా వాళ్ళు వేసిన ఓడ, యుద్ధంలో సైనికుల్ని మోయడానికి తీసుకున్నారు, కలకత్తా నుంచి చిట్టగాంగ్ వెళ్తుంటే జపాన్ సబ్‌మెరైన్ రో-111 కొట్టింది. 380 మంది పోయారు. ఆ సంఖ్య దగ్గర తాతయ్య గొంతు ఆగిపోయేది. చిట్టగాంగ్ వెళ్ళే ఓడ అనేసరికి ఆయనకి ఎవరు గుర్తొచ్చేవారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నెల తిరిగేసరికి, ఏప్రిల్ 14న, బొంబాయి డాక్‌లో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలింది. అది సబ్‌మెరైన్ పని కాదు, లోపల పేలుడు సామాను, దూది కలిపి ఎక్కించారు, నిప్పంటుకుంది. కానీ ఆ దెబ్బకి పక్కనున్న జలపద్మ లేచి వెనక భాగం షెడ్డు కప్పు మీద పడింది, ఆ ఫొటో ఉంది, చూస్తే ఓడ అంత ఎత్తుకి ఎలా ఎగిరిందో నమ్మబుద్ధి కాదు. ఏటా ఏప్రిల్ 14న ఫైర్ సర్వీస్ డే అని చేసేది ఆ రోజు చనిపోయిన ఫైర్‌మెన్ గుర్తుగానే.

1971 డిసెంబర్‌లో నాకు ఆరేళ్ళు. మళ్ళీ వైజాగ్‌లో బ్లాకవుట్. బల్బులకి నల్లకాగితం చుట్టడం నానమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, చకచకా చేసేసింది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బర్ బయటే మునిగిపోయిందని తెలిసిన రోజు వీధిలో అందరూ స్వీట్లు పంచుకున్నారు, మేం పిల్లలం గంతులేశాం. తాతయ్య అరుగు మీద కూర్చుని, "అందులోనూ బండారీ ఉంటాడ్రా" అన్నాడు. నాన్నకి కోపం వచ్చింది, దేశం ఏమైపోతుందని భయంలో ఉంటే ఈ మాటలేంటి నాన్నా అన్నాడు. ఆ ఒక్కసారే వాళ్ళిద్దరూ మాటా మాటా అనుకోవడం నేను చూశాను. ఇద్దరిదీ తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, మా మనవరాలికి చూపించడానికి తీసుకెళ్ళాను. 91 మీటర్ల పొడవు. ఐ-64 కూడా ఇంచుమించు అంతే, ఇంకో ఆరు మీటర్లు ఎక్కువ. లోపల గైడ్ చక్కగా చెప్తున్నాడు, ఇక్కడ పడుకుంటారు, ఇక్కడ వంట, ఒకరు లేస్తే ఆ మంచం మీదే ఇంకొకరు పడుకుంటారు అని. మన నేవీ వాళ్ళు అంత ఇరుకులో దేశం కోసం ఉన్నారంటే దండం పెట్టాలనిపిస్తుంది. ముందు భాగంలో టార్పెడో ట్యూబుల గుండ్రటి ఇత్తడి మూతలు మెరుస్తుంటాయి, జనం చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయాయి. పాప మూత మీద చెయ్యి పెట్టి "ఇందులోంచి ఏం వస్తుంది తాతా" అంది. టార్పెడో అన్నాను. అంటే? అంది. ఓడ అడుగున తగిలి పేలేది, లోపల నీళ్ళొచ్చేస్తాయి అన్నాను. "మరి లోపలున్నవాళ్ళు?" అంది. వెనకాల లైను తోసుకొస్తోంది, బయటికి వచ్చి ఇసకలో కూర్చోబెట్టి జలతరంగ్ కథంతా చెప్పాను, బండారీ, మాగాయ, ఏనుగు బొమ్మ, అన్నీ. అంతా విని బొమ్మ ఇప్పుడెక్కడుంది అని అడిగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మన వ్యాపార ఓడల నావికులు దాదాపు ఆరు వేలమంది. పేర్లన్నీ రాసిన పుస్తకాలు రెండున్నాయి, ఒకటి ముంబైలో మస్జిద్ బందర్ దగ్గర సెయిలర్స్ హోమ్‌లో, ఇంకొకటి చిట్టగాంగ్‌లో. సముద్రంలో పోయినవాళ్ళకి సమాధి ఉండదు కాబట్టి ఆ కాగితమే వాళ్ళ చోటు. బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన మనవాళ్ళకి తెల్లవాళ్ళ జీతంలో నాలుగో వంతు కూడా ఇవ్వని రోజులు అవి, చావు మాత్రం ఇద్దరికీ ఒకటే. మన వైజాగ్‌లో 1971 యుద్ధానికి బీచ్ రోడ్డు మీద స్మారకం ఉంది, ఉండాలి కూడా. జలతరంగ్‌కి, జలపాలకకి ఒక పలక కూడా లేదు. సింధియా అని రోజూ పిలుచుకునే ఊళ్ళో, షిప్‌యార్డ్ గేటు దగ్గరైనా, పోర్టు దగ్గరైనా, ఆ అయిదు పేర్లూ ఒక రాయి మీద చెక్కిస్తే బాగుండునని నాకు గట్టిగా ఉంది. ఈ ఊరి పెద్దల్ని కలిసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను, అడుగుతాను.

ఐ-64 కూడా ఎన్నాళ్ళో బతకలేదు. 1942 మేలోనే, జపాన్ దగ్గర్లోనే అమెరికా సబ్‌మెరైన్ ట్రైటన్ దాన్ని ముంచింది. తాతయ్య ఉండగా ఈ సంగతి నాకు తెలీదు, తెలిసి చెప్పినా ఆయన సంతోషించేవాడు కాదు, ఆ సంగతి మాత్రం నాకు బాగా తెలుసు.

ఆయన సంతోషం గురించి చెప్పాలంటే 1948 మార్చి 14 చెప్పాలి. యుద్ధం అయిపోయింది, స్వాతంత్ర్యం వచ్చింది, మన షిప్‌యార్డ్‌లో కట్టిన మొదటి పెద్ద ఓడ, ఎనిమిది వేల టన్నులది, నెహ్రూ గారు వచ్చి నీళ్ళలోకి వదిలారు. నాన్నకి ఎనిమిదేళ్ళు, తాతయ్య భుజం మీద ఎక్కించుకున్నాడట, అంత జనం. ఓడ జారి నీళ్ళు తాకేసరికి వచ్చిన కెరటం ఒడ్డున నిలబడ్డవాళ్ళ పంచెలు తడిపేసిందని నాన్న ఇప్పటికీ చెప్తాడు. ఓడ పేరు జల ఉష. ఇంటికొచ్చి తాతయ్య నానమ్మతో అన్న మొదటి మాట, "మళ్ళీ జల అనే పెట్టారే!" నానమ్మకి అర్థం కాక, మరేటి పెడతారు, ఓడ కదా అందట. తర్వాత జలప్రభ, జలప్రకాశ్, ఒక్కోటి వదిలినప్పుడల్లా తండ్రీకొడుకులిద్దరూ వెళ్ళేవాళ్ళు, ఆ వెళ్ళడంలోనే నాన్నకి యార్డు మీద మనసు పడింది, మెట్రిక్ అవ్వగానే అప్రెంటిస్‌గా చేరిపోయాడు.